ఎండ పట్టిన పళ్లెం

ఇవాళ ఇబ్రహీంపట్నంలో ఒక బట్టల దుకాణం ప్రకటనకు నల్ల పట్టుచీర ఫొటోలు తీశాను. ఎన్ని లైట్లు మార్చినా నేత కనబడలేదు. చివరికి టీ గ్లాసులు తెచ్చిన స్టీలు పళ్లెం తీసి కిటికీ ఎండకు వంచి పెట్టాను. ఆ వెలుగు చీర మీద పడగానే ప్రతి పోగూ తేలింది.

మన ఇళ్లల్లో పేర్లు చెక్కిన స్టీలు పళ్లేలు గుర్తున్నాయా? మా అమ్మ కుట్టుమిషన్ గదికి కిటికీ లేదు. నల్ల జాకెట్లన్నీ మధ్యాహ్నం కోసమే ఆపి, గడపలో ఎండ పడగానే నేను తినే పళ్లెం అక్కడ నిలబెట్టి, ఆ వెలుగులో కుట్టేది. మిషన్ నూనె వాసన పీలుస్తూ ఆకలితో పక్కనే కూర్చునేదాన్ని.

"జర ఆగు బిడ్డా, ఎండ పోయినంక పెడ్త" అనేది.

సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మా, ఇయ్యాల నీ లెక్కనే పళ్లెం పెట్టి ఫొటో తీసిన" అన్నాను.

"అయితే ఇంక అన్నం తినలేదా బిడ్డా?" అంది.