టైల్స్ తాగే నీళ్లు

యేసన్న టైల్స్ మేస్త్రీ. గుంతకల్లులో రైల్వే వాళ్లు కట్టుకున్న కొత్త ఇళ్లలో సగం బాత్‌రూములు ఆయన చేతి మీదుగా లేచినవే. "యేసన్న పెట్టిన టైల్ ఊడితే నా పేరు మార్చుకుంటా" అని సాటి మేస్త్రీ సోమప్ప పందేలు కాసేవాడు. ఆ పేరు ఊరికే రాలేదు.

పెట్టె దించగానే యేసన్న ఒక టైల్ తిరగేసి దాని వెనక నాలుక ఆనించేవాడు. చూసేవాళ్లు మొహం చిట్లించేవారు. ఆయనకు అదే పరీక్ష. నాలుక అంటుకుపోయిందంటే అది గోడ టైల్, దాహం ఎక్కువ. పది కిలోల పెట్టె కిలోకు పైగా నీళ్లు లాగేస్తుంది. కొంచెం పట్టి వదిలేస్తే నేలకు వేసే సిరామిక్, దానికి అందులో సగం చాలు. నాలుక జారిపోతే విట్రిఫైడ్. దాన్ని రోజంతా ముంచినా గుక్కెడు తాగదు, గమ్ పూసి అతికించాల్సిందే. గోడ టైల్‌ను మాత్రం డ్రమ్ములో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచాలి. దాహం తీరకుండా గోడకెక్కిస్తే అది సిమెంటులో తడి పీల్చేస్తుంది, సిమెంటు ఉత్త పొడి అయిపోతుంది. నానబెట్టడానికి నీళ్లివ్వని ఇంట్లో యేసన్న తాపీ పట్టేవాడే కాదు.

ఇంత పనిమంతుడు, విడపనకల్లు దగ్గర తన ఊళ్లో సొంత ఇంటికి మాత్రం బాత్‌రూము కట్టుకోలేదు. భార్య నల్లమ్మ ఇంటి వెనక తడిక చాటున బండ మీద స్నానం చేసేది. పోయిన శీతాకాలం ఆ బండ మీదే పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఒకటే చెప్పాడు, మళ్లీ పడితే ఇక లేవదని. యేసన్నకు సిగ్గేసింది. ఊరందరికీ కట్టి, కట్టుకున్నదానికి కట్టలేకపోయాడు! గుంతకల్లులో విష్ణువర్ధన్ అనే గార్డుగారింట్లో మిగిలిపోయిన గోడ టైల్స్ అడిగి తెచ్చుకున్నాడు. గోడలు లేపాడు. నల్లమ్మ కూర్చుని నీళ్లు పోసుకోవడానికి లోపల ఇటుకలతో చిన్న అరుగు కట్టాడు.

అప్పటికి ఏప్రిల్ వచ్చేసింది. పది రోజులకోసారి వచ్చే కొళాయి పదమూడో రోజుకీ రాలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క డ్రమ్ము నీళ్లు. యేసన్న టైల్స్ మోసుకుని ఆ డ్రమ్ము దగ్గరికి పోతుంటే నల్లమ్మ మంచం మీద నుంచే కేకేసింది.

"ఏమయ్యా, నీకేమన్నా పిచ్చా? మనుషులకు తాగేకి లేవు, బిల్లలకు తాపుతావా?"

"తాపకపోతే నిలబడవే. కొళాయి వచ్చేదాకా ఆగుదాం."

"ఇంగా యాడాగేది? నాలుగు నెల్లాయ, పాప వచ్చి నాకు నీళ్లు పోస్తాండాది. దానికి మాత్రం సంసారం లేదా? ఆ రూమొకటి అయితే నా పాట్లు నేను పడతా. పెట్టు ఊరికే."

పాప అంటే కూతురు కృపాకుమారి. పక్క వీధిలోనే కాపురం, ఇద్దరు పిల్లల తల్లి.

యేసన్న ఆగాల్సింది. ఆగలేదు. టైల్స్ వెనక తడిగుడ్డతో తుడిచి, సిమెంటు కాస్త జారుగా కలిపి గోడలకూ అరుగుకూ పెట్టేశాడు. తుడిచిన తడి చూస్తుండగానే ఇంకిపోయింది. వేరేవాళ్ల ఇల్లయితే అక్కడే పని ఆపేసేవాడు. మన ఇల్లే కదా, ఊడితే మళ్లీ పెట్టుకోవచ్చులే అనుకున్నాడు. అంతటి మేస్త్రీ, ఎంత బుద్ధి తక్కువ పని!

కొళాయి వచ్చాక నల్లమ్మ తలుపు గడియ పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా తలంటుకుంది. బయటికొచ్చి కొత్త పెళ్లికూతురిలా నవ్వింది. అలా మూడు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున, యేసన్న పనికి పోయాక, ఆమె అరుగు అంచు మీద చేతులానించి లేవబోయింది. అంచు టైల్ ఊడి చేతిలోకొచ్చింది. మనిషి నేల మీద పడింది.

కబురంది పరిగెత్తుకొచ్చిన యేసన్న ఆ టైల్ తిరగేసి చూశాడు. వెనక సిమెంటు మరక కూడా లేదు.

నల్లమ్మ మాత్రం అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పింది. "సబ్బు నీళ్ల మీద కాలు పెట్టినా, జారినా." డాక్టరుకూ అదే, పలకరించడానికొచ్చిన సోమప్పకూ అదే. సోమప్పతో చెప్పేటప్పుడు మొగుడి వైపు ఓరగా చూసింది. యేసన్న తలొంచుకున్నాడు గానీ నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణం ఆయన ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడ్డందుకే తర్వాత తన్ను తాను అసహ్యించుకున్నాడు. నల్లమ్మ మంచంలోనే తీసుకుని తీసుకుని, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఇరవై మూడో రోజున పోయింది.

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకు యేసన్న లేచి నిలబడ్డాడు.

"నల్లమ్మ కాలు జారలేదప్పా. నేను పెట్టిన బిల్ల ఊడింది. నానబెట్టకుండా పెట్టినా. తెలిసి తెలిసీ పెట్టినా."

వెనక వరసలో ఉన్న సోమప్ప చూపు తిప్పుకున్నాడు. ప్రార్థన ముగిశాక మెట్ల దగ్గర కృపాకుమారి తండ్రిని ఆపింది. ఆమె ఏడవడం లేదు.

"అమ్మ నాకు పడిన పొద్దే చెప్పింది నాయనా, బిల్ల ఊడిందని. బయట తెలిస్తే మీ నాయన్ని ఎవరూ పనికి పిలవరు, నోరు మూసుకోమనింది. నొప్పికి అరుస్తా అరుస్తా కూడా ఆ మాట మార్చలేదు. సచ్చిపోయేదాకా నీకోసం దాన్నొక్కటే కాపాడుకున్నాది. నువ్వు వారం కూడా ఉంచలేకపోతివి."