జిమ్ములో అప్రస్తుత ప్రసంగం

శ్రీరస్తు. చెదరిన చిత్తాన్ని చేరదీసే వాగ్దేవికీ, శక్తిహస్తుడైన మోపిదేవి స్వామికీ మ్రొక్కి, విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ ద్వాదశీ శుక్రవారం నాడు, మచిలీపట్నంలో మా ఇంటి వసారాలో కూర్చుని ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

మా చిన్నకోడలు బ్యాంకు ఉద్యోగిని, ఒక బిడ్డ తల్లి. పురుడు పోసుకున్న తరువాత నడుము నొప్పికని జిమ్ములో చేరినది, ఇప్పుడు పవర్‌లిఫ్టింగ్ పోటీలకు సాధన చేస్తున్నది. రెండు కొసలా ఇనుప బిళ్ళలు బిగించిన కడ్డీని నేలమీది నుంచి తొడలదాకా ఎత్తి నిటారుగా నిలవడం ఆమె అభ్యసించే విద్య. నిరుడు గుడివాడ పోటీలో ఆమె కడ్డీపై చేతులు వేసిన క్షణాన జనంలోంచి ఒకడు అరిచాడు: "అమ్మా, పన్లో పని, మా లారీకి రెండు బస్తాలెత్తిపెట్టమ్మా!" అందరూ నవ్వారు. మూడు ప్రయత్నాలూ విఫలమైనాయి. అంతకు మించిన బరువును ఆమె సాధనలో అవలీలగా ఎత్తేది. తిరుగుప్రయాణంలో పెడన దాటాక అన్నది:

"ఇంకొక్కసారి చూస్తాను మావయ్యగారూ. ఈసారి కూడా ఇలాగే అయితే జిమ్ముకే వెళ్ళను."

బరువులను గురించి నాకేమీ తెలియదు. చెదిరే మనస్సును గురించి మాత్రం కొంత తెలుసు. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. వారిలో ఒకరి పని, అతడు పద్యం అల్లుతూ ఉండగా పొంతనలేని ప్రశ్నలు వేసి ధ్యాస మళ్ళించడం. దానిని అప్రస్తుత ప్రసంగం అంటారు. ఆ ఆసనాన్ని నేను ఏళ్ళ తరబడి అలంకరించినవాణ్ణి. "నీకు కావలసింది కోచ్ కాదమ్మా, అప్రస్తుత ప్రసంగి" అన్నాను. నవ్వి ఒప్పుకున్నది.

నాటినుంచి సాయంత్రాలు జిమ్ములో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేవాణ్ణి. ఆమె వంగగానే మొదలుపెట్టేవాణ్ణి.

"అమ్మాయ్, ఐరావతం జిమ్ములో చేరితే ఫీజు ఏనుక్కా, ఇంద్రుడికా?"

కోచ్ నవ్వు ఆపుకోలేక అవతలికి వెళ్ళేవాడు. కోడలు మాత్రం ఏమీ విననట్లే కడ్డీ ఎత్తేది. చెవినపెట్టవద్దని నేనే బోధించాను. ఆ నిశ్చలత్వం నా శిక్షణాఫలమేనని ఇంట్లో చెప్పుకుని మురిశాను కూడా.

కోడూరు ఆడపడుచైన మా ఆవిడ పెదవి విరిచింది. "మీ ప్రశ్నలకి ఆవిడ చెదరడమేవిటండీ? అసలు వాటికి అర్థమంటూ ఉంటేగా! నేనొస్తాను, చూద్దురుగాని."

మర్నాడు మనుమణ్ణి పక్కింటివారికి అప్పగించి వచ్చింది. కోడలు వంగి ఊపిరి బిగబట్టగానే, తాపీగా అన్నది:

"అమ్మాయ్, బాబుకి ఒళ్ళు వెచ్చబడింది. ఇందాకణ్ణించీ గుమ్మం కేసే చూస్తున్నాడు. సర్లే, నీ పని కానియ్."

కడ్డీ దభీమని నేలను తాకింది.

"నిజంగానా అత్తయ్యా?"

"చాల్లే, ఊరికే అన్నాను. పక్కింట్లో పెసరట్టు తింటున్నాడు."

కోడలు అక్కడే బల్లమీద కూలబడి ఏడ్చింది. మా ఆవిడ గాభరాపడి, "నా నోరు మండా, ఇంత మాట ఎందుకన్నానే" అంటూ కొంగుతో ఆమె ముఖం తుడిచింది. కొంతసేపటికి కోడలు నా వైపు తిరిగింది.

"గుడివాడలో నన్ను పడగొట్టింది ఆ బస్తాల మాట కాదు మావయ్యగారూ. వాళ్ళు నవ్వగానే, చంటిపిల్లాణ్ణి వదిలేసి ఇక్కడ నేనేం చేస్తున్నాను అనిపించింది. అది వినకుండా ఎలా ఉండను? చెప్పేది నేనేగా!"

 ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించాను. ఏ అవధానీ చెవులు మూసుకోడు. మూసుకుంటే సభ ఒప్పుకోదు. అడిగినదానికి చమత్కారంగా బదులిస్తాడు, సభను నవ్విస్తాడు, పద్యాన్ని ఏ అక్షరం వద్ద విడిచాడో ఆ అక్షరం వద్దకే వస్తాడు. చెదరకపోవడం అతని విద్య కాదు, తిరిగి రావడం. ఇన్నేళ్ళు ఆ సభల్లో కూర్చుని, ఈపాటి సంగతిని కోడలికి తలక్రిందులుగా నేర్పాను.

మరునాటినుంచి పద్ధతి మార్చాము. ప్రశ్న వినపడితే కడ్డీ వదిలి లేవాలి, బదులివ్వాలి, మళ్ళీ మొదటినుంచి పాదాలు సర్దుకోవాలి.

"బాబు ఏడుస్తున్నాడే!" అన్నది అత్తగారు, ఈసారి కొంత భయంభయంగానే.

కోడలు లేచి నిలబడింది. "మీరున్నారుగా అత్తయ్యా. నాకంటే మీ దగ్గరే తొందరగా ఊరుకుంటాడు."

"ఆ మాట నిజమే" అన్నది మా ఆవిడ, మురిసిపోతూ. వేసిన ప్రశ్న సంగతే మరచింది.

కోడలు వంగి, ఎత్తింది. ప్రతిదినమూ ఇలా జరగదు. నిన్న రెండుసార్లు బదులివ్వలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. అయినా లేచి, మళ్ళీ పాదాలు సర్దుకున్నది.

తరువాత చేర్చినది: ఫాల్గుణ శుద్ధ పంచమి, ఆదివారం నాడు పోటీ మచిలీపట్నంలో జరిగింది. మొదటి రెండు ప్రయత్నాలూ నెగ్గాయి. మూడవది మోకాళ్ళ వద్ద ఆగింది. నాలుగవ స్థానం వచ్చింది. సోమవారం సాయంత్రం కోడలు జిమ్ముకు వెళ్ళింది.