మిషను కంటికి బొట్టు

ఆ రోజుల్లో మా మిరప ఊళ్ళల్లో ఏ కొత్త మిషను వచ్చినా రెండు పనులు తప్పనిసరి. ముందు దానికి బొట్టు పెట్టడం, తరవాత దాన్ని నమ్మకపోవడం. పెదకాకాని దారిలో ఉన్న మా మేనమామ కారం మిల్లులోకి ఎలక్ట్రానిక్ కాటా వచ్చినప్పుడు, అంకె ఎదురుగా వెలుగుతున్నా సరే, మామయ్య బస్తాని ఒకసారి భుజానికెత్తి చూసి "ఊఁ, నిజమే చెబుతోంది" అని కాటాకి సర్టిఫికెట్ ఇచ్చేవాడు. ఆ మరుసటేడు సీసీ కెమెరాలు పెట్టించి, టీవీలో కళ్ళం కనిపిస్తుంటే, అక్కడ కూడా అలాగే ఉందా అని లేచి వెళ్ళి చూసొచ్చేవాడు. ఇలా నిదానంగా ఒక్కో మెట్టే ఎక్కుతున్న మిల్లులోకి, అత్తెసరు మార్కులతో ఇంజినీరింగ్ గట్టెక్కిన నేను వచ్చి చేరి, మామయ్య చేత రంగు చూసి కాయలేరే మిషను కొనిపించాను. దాన్ని చెడగొట్టిందెవరో మిల్లులో మొన్నమొన్నటిదాకా తప్పుగానే చెప్పుకున్నారు. అది సరిచేద్దామనే ఇది రాస్తున్నాను.

ఎండుమిరపలో రంగు వెలిసి తెల్లబడ్డ కాయని తాలు అంటాం. అప్పటిదాకా తాలు ఏరింది టీచరమ్మ జట్టు. (ఆవిడ బడి టీచరు కాదు. ఆదివారం చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేది, మిగతా ఆరు రోజులూ మాకు బుద్ధులు నేర్పేది.) ముప్పై ఏళ్ళు మిరపలో బతికినా ఆవిడకి కారం మాత్రం పడలేదు. పొడి ముక్కు దాకా వస్తే చాలు, లెక్క తప్పకుండా ఏడు తుమ్ములు. అందుకే కారం గదికి దూరంగా, వేపచెట్టు పక్క షెడ్డులో కూర్చునేది. మిషను దిగిన రోజు మామయ్య ఒకే లాటు కాయని రెండుగా చేసి, "సగం మిషనుకి, సగం మీకు. మూడు రోజులు చూద్దాం" అన్నాడు.

"మిషను గెలిస్తే నన్ను కారం గదిలోకి మాత్రం తోలకండయ్యా" అంది టీచరమ్మ.

"నిన్ను తోలితే ఆ తుమ్ములకి ప్యాకెట్లు నిలుస్తాయా" అన్నాడు మామయ్య.

మర్నాడు పొద్దున్నే పూజ. పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి, బొట్లు పెట్టే భాగ్యం నాకిచ్చారు. ఊరికే రేకు మీద పెడితే ఏం పుణ్యం అనిపించి, మూత తీసి, మిషను కాయని చూసే అద్దం మీద, అంటే దాని కంటికే, తడి కుంకంతో ఒక బొట్టు పెట్టాను. అది కారింది. కంగారుపడి తడిగుడ్డతో తుడిచాను. అద్దమంతా పల్చగా, అందంగా, సమానంగా ఎర్రబడింది. ఆరితే అదే పోతుందిలే అని మూత వేసేశాను. (నా ఇంజినీరింగ్ చదువంతా ఆ "అదే పోతుందిలే"లో ఉంది.)

ఆ క్షణం నుంచి మిషనుకి లోకమంతా పండుమిరపే. తాలు కనిపిస్తే గాలి ఊది నెట్టాల్సిన బస్తా ఖాళీ. అవతల టీచరమ్మ జట్టు సగంలో మాత్రం తాలు గుట్టపడుతోంది. "చూశావా మామయ్యా, వీళ్ళు మంచికాయ కూడా తాలులో పారేస్తున్నారు" అన్నాను ధీమాగా. రెండు రోజులు మామయ్య నమ్మాడు కూడా. మూడో రోజు టీచరమ్మ మా మంచికాయ బస్తాలో చెయ్యిపెట్టి, పూజలో కట్టిన నిమ్మకాయని బయటికి తీసింది.

"ఇది ఏ రకం మిరపయ్యా, చిన్నయ్యా?"

మామయ్య లేచాడు. గుప్పెడు పత్తి వేశాడు, మిరపే అంది మిషను. వేరుశనగకాయలు వేశాడు, మిరపే. చెవిలో ఉన్న సగం బీడీ వేశాడు, నంబర్ వన్ మిరప.

మెకానిక్ వచ్చి మూత తీసి, "కారం పొరండి. ఎవరో కారం చేతులతో తుడిచారు. ఏం పర్లేదు, కొత్త మిషను కదా, సెట్టింగు కుదరడానికి టైం పడుతుంది" అన్నాడు. "ఎవర్రా ముట్టుకుంది?" అని మామయ్య అరిచాడు. నేను కళ్ళు షెడ్డు వైపు తిప్పాను. మిషనుతో పోటీ ఉన్నది వాళ్ళకే కదా, మామయ్యకి అది చాలింది. టీచరమ్మ, మెకానిక్ అద్దం తుడిచిన గుడ్డ తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, నా వంక ఒకసారి చూసి, మడిచి పక్కన పెట్టింది. మామయ్య వేసిన శిక్షకి ఆ సీజనంతా కారం గదిలో ప్యాకెట్లు కట్టింది. గోడకి ఇవతల నా కుర్చీ. ఏడేసి తుమ్ములు. ఆరో తుమ్ముకే నేను కళ్ళు మూసుకుని ఏడోదాని కోసం ఎదురుచూసేవాణ్ణి.

మామయ్య పోయాక మిల్లు నా చేతికొచ్చింది. ఇప్పుడు మోటారు వేడెక్కితే నా ఫోనే చెబుతుంది. పోయిన నెల ఇంకో కొత్త మిషను దిగింది. పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న టీచరమ్మని ఆటోలో పిలిపించి, అందరి ముందూ మీట నొక్కించి, గొంతు సవరించుకుని ఒప్పుకున్నాను. "ఆనాడు అద్దానికి కుంకం పూసింది నేనేనమ్మా."

"తెలుసులేవయ్యా. గుడ్డ వాసన చూశాగా. కారమైతే తుమ్మకుండా ఉంటానా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వూ కొత్తగా దిగినోడివే కదా, సెట్టింగు కుదరడానికి టైం పడుతుందనుకున్నా" అంది. నా నెత్తి వైపు చూసి, "మరీ ఇన్నేళ్ళనుకోలా" అంది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. తల తెల్లబడింది, మొహం రంగు వెలిసింది. ఏ మిషనైనా గాలి ఊది తాలు బస్తాలోకి నెట్టే సరుకే. కాస్త కుంకం పూసిన అద్దమైతే ఇంకా నంబర్ వన్‌లో పోయేవాణ్ణేమో.