చీపురుకు కట్టిన హాజరు

చనిపోయిన రోజు పొద్దున మా ఎల్లస్వామి మామ చేసిన ఆఖరి పని బకెట్లో తల ముంచి ఊపిరి బిగబట్టడం. ఇరవై ఏళ్లుగా రోజూ చేసేదే. పక్కనే అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతూ మొగిలమ్మత్త అంకెలు లెక్కపెట్టేది.

"ఎంతయింది?" అన్నాడు, నీళ్లు కారుతున్న తలతో.

"ఇరవై."

"ఇరవై ఎట్లయితదే? నా పానం పోయినంత పనయింది."

"నడుమ పాలాయన వచ్చిండు. ఆయనతోని మాట్లాడొద్దా?"

మామ అలిగి తల తుడుచుకుని మగ్గం గుంటలోకి దిగాడు. మధ్యాహ్నానికి అక్కడే ఒరిగిపోయాడు. 1988లో సంగతి ఇది.

కొత్తవాడలో జంపఖానాలు నేసే మామకు ఈత సంఘం ఒకటి ఉండేది. ధర్మసాగర్ బాటలో ఒక రైతు మోటబావి మా స్విమ్మింగ్ పూల్. వీపుకు ఎండు సొరబుర్రలు కట్టి మమ్మల్ని తోసేవాడు. పైన గట్టు మీద నిలబడి, "కాళ్లు కొట్టుండ్రి, కాళ్లు. మగ్గం పడుగు దారాల మీద నడుస్తాన్నరా ఏంది?" అని అరిచేవాడు.

ఏటా ఎండాకాలం మూడు నెలల ఈత ముగిశాక ఒక బహుమతి. అందరికంటే ముందు ఈదినవాళ్లకు కాదు, ఒక్క రోజూ మానకుండా వచ్చినవాళ్లకు. బహుమతి జంపఖానా, దాని అంచు మీద గెలిచినవాళ్ల పేరు నేసి ఉండేది. హాజరుకు పుస్తకం లేదు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు నూలు పోగు, వచ్చిన ప్రతి పొద్దునా ఒక ముడి. ఆ పోగులన్నీ ఇంట్లో మేకుకు వేలాడేవి.

1977 ఎండాకాలంలో ఆ జంపఖానా నాకు కావలసి వచ్చింది. నాకు పదమూడు నిండాయి. మా నాయన వెంకట్రాజం మామ ముందరే, "ఆడపిల్లకు ఇగ బావి బందు. అంత గొప్పగ ఈదితే ఆ జంపఖానా తెమ్మను, అప్పుడు హైదరాబాద్ పోటీలకు సుత పంపుత" అన్నాడు. నా ఎరుపు పోగుకు పోటీగా నిలిచింది మాతో ఈదే పెద్దులు అనే పిల్లవాడి పచ్చ పోగు ఒక్కటే.

ఆదివారం బహుమతి ఇవ్వాలి, పేరు నేయడానికి నాలుగు రోజులు పడుతుంది. మామ ముడులు లెక్కపెడదామని మేకు దగ్గరికి వెళ్తే మేకు ఖాళీగా ఉంది.

"పోగులేవే?"

"చీపురు ఊడిపోతాందని కట్టిన. మంచిగ ఆగినయి" అంది అత్త. కట్టేటప్పుడు ముడులు అడ్డం వస్తున్నాయని అన్నీ కోసేసింది కూడా. మూడు నెలల మా హాజరు మంచం కింద దుమ్ము ఊడుస్తోంది. మామ ఆ చీపురును ఒళ్లో పెట్టుకుని పూటంతా చూశాడు. "దీంట్ల ఎరుపు ఎక్కువున్నదా, పచ్చనా?" అని అత్తనే అడిగాడు. "నాకు ఊడ్చేదున్నది, ఇయ్యి" అని ఆమె లాక్కుంది.

ఆ సాయంత్రం మామ బావి దగ్గర పిల్లలందరికీ చెప్పేశాడు. "ఈ ఏడు బహుమతి లేదు. సంఘం బందు. రేపటి సంది ఎవ్వరు రావద్దు."

నేను ఆ రోజు పొద్దున ఈత కాగానే అమ్మతో పరకాలలో పెండ్లికి పోయి రాత్రికి వచ్చాను. నాకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు తెల్లవారగానే మామూలుగా బావికి వెళ్లాను. గట్టు మీద మామ ఒక్కడే ఉన్నాడు. సరేలే అని నీళ్లలోకి దూకి నాలుగు చుట్లు కొట్టాను.

"బందు అని చెప్పిన గదా. ఎందుకొచ్చినవ్?" అన్నాడు పైనుంచి.

ఏది బందో నాకు తెలియదు. తిడుతున్నాడేమోనని నోరు తెరవలేదు.

"మాట్లాడకు బిడ్డా. నాకు సమజైంది" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. బహుమతి లేదన్నా వచ్చినవాళ్లదే అసలు పట్టుదల అని ఊరంతా చెప్పుకొచ్చాడు. ఆదివారానికి జంపఖానా మీద 'విమల' అని దిగింది. మా నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తప్పు దొరకక, "నేత గట్టిగున్నది" అని ఊరుకున్నాడు. ఇంకో మూడేళ్లు ఈదాను. హైదరాబాద్‌లో ఐదో స్థానం వచ్చింది. నిజం చెబితే మామ మనసు విరుగుతుందని పదకొండేళ్లు దాచాను.

మామ పదకొండో రోజు భోజనాలకు పెద్దులు వచ్చాడు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు కాంటా వేసే పని అతనిది. విస్తరి ముందు ఆ సంగతంతా అతనికి చెప్పేశాను.

"నేను సుత వచ్చిన గదా ఆ దినం" అన్నాడు పెద్దులు, పప్పు కలుపుకుంటూ. "నీకన్న ముందుగాలనే. బందు అన్నడని తెలిసి సుత వచ్చిన. మామ బాట మీదనే పట్టుకుని, 'ఉరికి పోయి బీడీల కట్ట పట్టుకరా' అన్నడు. మడికొండ దాక పోయిన. నేను తెచ్చే వరకు నువ్వు నీళ్లల్ల ఉన్నవ్."

మామ జన్మలో బీడీ ముట్టలేదు.