అద్దాల డిష్షు మీద రథసప్తమి పరమాన్నం

మొన్న రథసప్తమినాడు పాలు పొంగిద్దామని ఇత్తడి గిన్నె పెట్టి మీట నొక్కితే, ఈ గిన్నె నాకు పనికిరాదంటూ ఇండక్షన్ పొయ్యి కుయ్యోమంది. గిన్నెతో పేచీ పెట్టుకునే పొయ్యిని చూడడం నాకిది రెండోసారి. మొదటిది పాతికేళ్ల కిందట, కొవ్వూరులో మా డాబా మీద మావారు తయారుచేసిన ఎండపొయ్యి. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందు చిరాకొస్తుంది, తరవాతే దణ్ణం పెట్టుకోబుద్ధవుతుంది.

కరెంటాఫీసులో పనిచేసే మనిషికి ఎండ మీద మోజెందుకు కలిగిందో ఆ సూర్యనారాయణమూర్తికే తెలియాలి. పాత సామాన్ల కొట్లోంచి పెద్ద టీవీ డిష్షొకటి రిక్షాలో వేయించుకొచ్చి, అద్దాన్ని అగ్గిపెట్టెలంత ముక్కలు కోయించి, నెలరోజుల సాయంత్రాలు వాటిని డిష్షు నిండా అంటించడానికే ధారపోశారు. రాలిన గాజుపెంకులు ఏరడం నా వంతు. అద్దాల మీద పడ్డ ఎండంతా మధ్యలో కమ్మీల మీద పెట్టిన గిన్నె అడుక్కి చేరాలట. అందుకు డిష్షుని పావుగంటకోసారి సూర్యుడి వెంట తిప్పాలి, అదీ నా వంతే. ఉన్నమాట చెప్పుకోవాలి, మిట్టమధ్యాహ్నం మసిపట్టిన ఇనప మూకుట్లో కందిపప్పు ఉడికింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. రథసప్తమికి సూర్యుడి నైవేద్యం సూర్యుడిచేతే వండిస్తానని బయల్దేరారు.

మా అత్తగారు ఆ రోజు నైవేద్యమయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. డెబ్భై దాటిన మనిషి, కాస్త ఆలస్యమైతే కళ్లు తిరిగేవి. ఏటా గొబ్బెమ్మల పిడకల మీద పొద్దున్నే పాలు పొంగేవి కాబట్టి గండం గడిచేది. ఈసారీ నాలుగు పిడకలు పక్కన ఉంచుతానంటే, నా పని మీద నీకామాత్రం నమ్మకం లేదా అని మావారు అలిగి కూర్చున్నారు.

తీరా ఆ పొద్దున గోదావరి మీంచి లేచిన మంచు తొమ్మిదైనా విడలేదు. విడ్డాక గంటసేపు ఎండలో పెట్టినా పాలు గోరువెచ్చన దాటలేదు. మావారు నిమిషానికోసారి గిన్నెలోకి తొంగిచూడడం, ఆయన నీడ అద్దాల మీద పడడం, నేను విసుక్కోవడం. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి, "సూర్యుడికి ఆకలేస్తే ఆయనే వండుకోవాలంటారేంటండీ మీ ఇంట్లో?" అని నవ్వారు.

అప్పుడు తెలిసింది మావారికి కిటుకు. దేవుడి గిన్నె కదా అని నేను చింతపండుతో తోమి తోమి తళతళలాడించాను. ఆ మెరుపే వచ్చిన ఎండని వెనక్కి కొట్టేస్తోందట, మసి పూయాలట. బడి మొహం చూడకుండా మా నాన్నగారి దగ్గర ఇంట్లోనే నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఆ శాస్త్రం నాకేం తెలుసు! నైవేద్యం గిన్నెకి మసేమిటని గట్టిగానే పోట్లాడాను.

మూల పీట మీద గోడకి చేరగిలబడ్డ అత్తగారు, ఎండిన పెదాలతో, "పిడకల మీద పెడితే మాత్రం గిన్నె నల్లబడదుటే అమ్మాయ్? పూసి తగలెట్టండి, నాకు శోషొస్తోంది" అన్నారు.

దీపం మసిలో నూనె కలిపి గిన్నె బయటంతా పూశాను. అరగంట దాటేసరికి పాలు అంచుదాకా లేచి పొంగిపోయాయి. పొంగాయని నేను కేక వేస్తే, చేరగిలబడ్డ అత్తగారు లేచి కూర్చున్నారు. బియ్యం ఉడికి, బెల్లం పడి, చిక్కుడాకులో నైవేద్యం పెట్టేసరికి పన్నెండు కావచ్చింది. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "బాగానే ఉందిరా, పొగ వాసనే లేదు" అన్నారు. నెలరోజుల కష్టానికి అంతేనా అన్నట్టు మావారి మొహం చిన్నబోయింది. ఆవిడ మాత్రం ఆకు ముందుకు జరిపి మారు వడ్డించమన్నారు. పొద్దుట్నుంచీ ఉగ్గబట్టుకున్న కోపం చల్లారి, డాబా మీదే సూర్యుడికి చేతులు జోడించాను.

ఇప్పుడు మా ఇంట్లో నైవేద్యమయిందా అని అడిగేవాళ్లు లేరు. ఎవరి టిఫిను వాళ్లు తిని, ఎవరి మాత్రలు వాళ్లు వేసుకుని, వీలైనప్పుడు ప్రసాదం చెంచాడు నోట్లో వేసుకుంటారు. తప్పుపట్టను, షుగరొచ్చాక నేనూ అంతే. కానీ పాలు పొంగాయని కేక వేస్తే ఒక మనిషి ప్రాణం లేచొచ్చిన రోజు చూశాను కదా, ఇప్పుడు పాలు పొంగినప్పుడు ఎవరికి చెప్పాలో తోచక ఊరికే స్టవ్ కట్టేస్తాను.