ఒకే నంబరుతో రెండు జీపులు

1988 ఫిబ్రవరి 11, గురువారం, ఉదయం ఏడూ ఇరవై. మా మరిది వంగిపోయిన ఇనుప రాడ్డును భుజాన వేసుకుని ఫిల్మ్‌నగర్‌లోని మా షెడ్డులోకి వచ్చిన సమయం అది. ఇన్నేళ్ల తర్వాత మొన్న మధురానగర్ ఇంట్లో అటక దులిపిస్తుంటే తుప్పు పట్టిన నంబరు ప్లేటు ఒకటి కింద పడింది. ఏ ఆఫీసూ ఇచ్చిన నంబరు కాదది, సినిమావాళ్లు రాయించిన దొంగ నంబరు. "పాత సామాన్లవాడికి వేసెయ్యనా అమ్మా?" అంది పనమ్మాయి. వద్దన్నాను. దాన్ని తుడిచి, బల్ల మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అప్పట్లో మాకు రెండు జీపులు ఉండేవి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. షూటింగులకు అద్దెకిచ్చేవాళ్లం. జూబ్లీహిల్స్‌లో ఇంకా ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ. ఆ రాళ్ల మీద జీపు దూకాలి. హీరోగారు స్టీరింగు పట్టుకుని నవ్వేవారు, దూకించేది మాత్రం మా మరిది. దూకిన ప్రతిసారీ ఏదో ఒకటి వంగేది. ఎక్కువగా వంగేది ముందు చక్రాలు రెంటినీ కలిపి ఒకే వైపుకి తిప్పే పొడుగాటి రాడ్డు. షూటింగు రోజుల్లో బోరబండ మేస్త్రీ తన కొలిమిని మా షెడ్డులోనే పెట్టేవాడు. రాడ్డును ఎర్రగా కాల్చి, దాగలి మీద కొట్టి సాపు చేశాక, గుమ్మం ముందు షాబాద్ బండ మీద దొర్లించి చూసేవాళ్లం. కింద ఎక్కడా వెలుగు కనిపించకూడదు. బిగించాక రెండు చక్రాల మధ్య దూరాన్ని ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలవాలి. ముందువైపు అంగుళంలో పదహారో వంతు తక్కువ రావాలి. టేపు రెండో కొస నాది. సరిగ్గా వచ్చేదాకా వదిలేదాన్ని కాదు. "వదిన టేపు పట్టిందంటే వంకర రోడ్డు కూడా భయపడి తిన్నగా పడుకుంటుంది" అనేవాడు మరిది.

కాల్చిన కొద్దీ ఇనుము సత్తువ పోతుంది. అందుకని మా ఆయన ఒక నియమం పెట్టారు. ఏ రాడ్డునైనా రెండుసార్లే సాపు చేయించాలి, మూడోసారి వంగితే పారేయాలి. ఆ లెక్క నా పుస్తకంలో ఉండేది, జీపుకొక పేజీ. ఆయనకు మా పెళ్లిరోజు గుర్తుండేది కాదు గానీ నా పుస్తకం మీద గురి ఉండేది. మూడోసారి కోసమని కొత్త రాడ్డు ఒకటి నూనె కాగితం చుట్టి గోడకు వేలాడదీశాం. వంతు రాకుండా దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

ఆ వారం సినిమాకి ఒక్క జీపే కావాలి, కానీ అది విరిగితే ఆగకూడదు. అందుకని సోమవారం పొద్దున యూనిట్ వాళ్లు రెండింటికీ ఒకే రంగు వేసి, ఒకే రకం సీట్లు తొడిగి, అసలు నంబర్ల మీద ఒకే నంబరు ప్లేటు బిగించారు. మా ఆయన ఊళ్లో లేరు. ఆ సాయంత్రం ఒక జీపు రాడ్డు వంగి వచ్చింది. అది కొత్త జీపు ఎప్పుడూ నిలబడే చోట నిలబడి ఉంది కనుక కొత్త జీపు పేజీలో రాశాను. మేస్త్రీ సాపు చేశాడు.

గురువారం ఆఖరి రోజు. తెల్లవారుజామున రిహార్సల్లో ఒక జీపు రాడ్డు మళ్లీ వంగితే, మరిది దాన్ని గుమ్మం బయటే విప్పి తెచ్చాడు. షాటు అయ్యాక గుమ్మడికాయ కొట్టేస్తారని అందరూ హడావుడిగా ఉన్నారు. బుధవారమే తిరిగొచ్చిన మా ఆయన జీపు కిందికి దూరి, ఇది పాతదేనని తేల్చి, అక్కడి నుంచే అడిగారు: "ఎన్నోసారి?"

పుస్తకం చూశాను. పాత జీపు పేజీలో జనవరిలో రాసినది ఒక్కటే ఉంది. "రెండోసారి" అన్నాను.

మేస్త్రీ రాడ్డును చేతిలో ఆడించి చూశాడు. "అక్కా, గిది మొన్ననే నా చేతిల పడ్డట్టుంది. మెత్తగ తగుల్తుంది. జర సోంచాయించుండ్రి."

"మొన్నటిది కొత్త జీపుది. రాసి ఉంది."

"రాసినంక నేనేమంట? మీరు సదువుకున్నోళ్లు" అని కొలిమిలో పెట్టాడు. మరిది అక్కడే నిలబడి టీ తాగుతున్నాడు.

పదీ అయిదుకి జీపు గుట్ట మీంచి దూకింది. చక్రాలు నేలను తాకగానే రాడ్డు రెండు ముక్కలైంది. ఒక చక్రం ఇటు, ఒకటి అటు తిరిగాయి. జీపు బోర్లా పడింది. మరిది ఎడమకాలు దాని కింద ఉంది.

ఆ మధ్యాహ్నం నేనే స్క్రూడ్రైవరు తీసుకుని, మిగిలిన కొత్త జీపు దొంగ ప్లేటు విప్పి, దాని కింద దూరాను. దాని రాడ్డు మీద కంపెనీ రంగు చెక్కు చెదరలేదు. దాన్ని ఎవరూ ఒక్కసారి కూడా కాల్చలేదు. సోమవారం వంగినది పాత జీపుదే. పుస్తకం మా ఆయన ముందు పెట్టాను. రెండు పేజీలూ చదివి మూసేశారు. ఇనుము మంచిది కాదని అందరితో చెప్పారు.

ఆసుపత్రిలో మరిదికి తెలివి రాగానే నన్ను చూసి, "వదినా, పుస్తకం తెచ్చావా? రాసుకో. కాళ్లు రెండు, ఒకటి కొట్టివేత" అన్నాడు. నవ్వడానికే అన్నాడు. నేను బయటికి వచ్చేశాను.

తర్వాత అతను వెంగళరావు నగర్‌లో టెలిఫోన్ బూత్ పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్లకు, 1996లో, అక్కడ స్టూలు మీద కూర్చుని నా తప్పు చెప్పాను. అతను మీటరు వంకే చూస్తూ విన్నాడు.

"తెలుసు వదినా. సోమవారం ఆ బండి తోలింది నేనేగా. రంగేసినా, సీటు మార్చినా క్లచ్చు తొక్కితే తెలియదూ, ఏ బండో?"

"మరి గురువారం ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు. పుస్తకాన్నడిగావు. నీ పుస్తకం తప్పుతుందని నేనూ అనుకోలేదు."

పోయినవి రాస్తున్నాను. ఎడమకాలు ఒకటి, మోకాలి కింద నుంచి. జీపు ఒకటి. షెడ్డు, 1988 మే నెలలోనే. మేస్త్రీ రాకపోకలు. "ఎన్నోసారి?" అని మా ఆయన నన్నడిగే అలవాటు. కొత్త రాడ్డు పోలేదు, నూనె కాగితంలోనే ఉంది. ఏడూ ఇరవైకీ పదీ అయిదుకీ మధ్య నూట అరవై అయిదు నిమిషాలు. టీ తాగుతున్న మనిషిని ఒక మాట అడగడానికి అందులో ఒక్కటి సరిపోయేది.