ఇందాక ఏం వండారు?

ఆ లిఫ్టు మెకానిక్కుకి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఇందాకాయన. పేరు పనిలోంచే వచ్చింది. ఎక్కడ లిఫ్టు ఆగిపోయిందన్నా సరే, పనిముట్ల సంచి కింద పెట్టకముందే ఆయన అడిగే మొదటి మాట, "ఇది ఆగకముందు, ఇందాక ఏం చేశారు?" యంత్రం ఊరికే అలగదని ఆయన గట్టి నమ్మకం. ఎవరో బీరువా ఎక్కించి ఉంటారు, లేదా వరండా కడిగిన నీళ్ళు తలుపు సందులోకి తోసి ఉంటారు. ఆ సంగతి తేలేదాకా ఆయన స్క్రూడ్రైవర్ ముట్టడు. తోటివాళ్ళు ఈలోగా టీ తాగి వచ్చేస్తారు.

కూతురు పుట్టాక ఆ ప్రశ్న వంటింట్లోకీ వచ్చింది. పిల్లకి వేరుశెనగ పడదు. పడదంటే అరగదని కాదు. మూడేళ్ళ వయసులో పక్కింటివాళ్ళు ముద్దుగా చేతిలో పెట్టిన బిస్కట్టు ఒక్క కొరుకు కొరికిందో లేదో, పెదవులు ఉబ్బి ఊపిరాడలేదు. ఆసుపత్రి చేరేలోగా తల్లిదండ్రులకి పైప్రాణాలు పైనే పోయాయి. అప్పట్నుంచీ సూదిమందు లేకుండా గడప దాటరు. ఎవరింటికెళ్ళినా అందరి ముందూ కంచాలుంటే, పిల్ల ముందు ఇంటి డబ్బా ఉంటుంది. ఎప్పుడైనా బాగా తెలిసినవాళ్ళింట్లో తినాల్సివస్తే, మొదటి ముక్క తండ్రి తుంచి, రుచి చూసి, తన చేత్తోనే పెట్టాలి. అది ఇంటి చట్టం.

ఇప్పుడు మూడో తరగతి చదువుతున్న ఆ పిల్లకి కొత్త కోరిక పుట్టింది.

"నాన్నా, టాకో కొరికితే పెద్ద చప్పుడొస్తుందట. నా పక్కన కూచునే అమ్మాయి చెప్పింది."

"దానిదేముంది, నేను తిని వినిపిస్తాలే."

"నువ్వు తింటే నీకే వినిపిస్తుంది. నాకు నా పళ్ళ కింద వినాలనుంది."

ఆ మాట ఆయన మనసులో గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే, మొక్కజొన్న రొట్టె మడతపెట్టి వేయిస్తే అంత చప్పుడు ఎందుకొస్తుందో తెలుసుకోవాలని ఆయనకీ పిల్లతో సమానంగా ఉబలాటం. ఊళ్ళో మెక్సికన్ హోటళ్ళ వేట మొదలైంది.

మొదటి హోటల్లో, "ఏం కాదండీ, అందరూ తింటున్నారుగా" అన్నారు. ఏం కాదు అన్న మాట చెవినపడగానే కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. రెండో హోటలాయన తల గోక్కుని, "ఏ నూనెలో వేయిస్తున్నారో నాకు తెలీదండీ" అన్నాడు. ఇందాకాయన సంబరంగా ఆయన చేయి పట్టుకుని ఊపేసి బయటికొచ్చాడు.

"ఎంత మంచివాడు! ఉన్నదున్నట్టు చెప్పాడు."

"బానే ఉంది. చెడ్డవాళ్ళ దగ్గరా తిండి లేదు, మంచివాళ్ళ దగ్గరా లేదు" అంది భార్య, ఇంటి డబ్బా మూత తీస్తూ.

మూడోది బట్టల ఇస్త్రీ దుకాణం పక్కన చిన్న హోటలు. జనం పలచబడ్డ మధ్యాహ్నం వేళ చూసుకుని వెళ్ళారు. వంట చేసేది పొడుగాటి ఒకావిడ, చేతులు మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఇందాకాయన సంగతంతా చెప్పి, "ఈ మూకుట్లో ఇందాక ఏం వేయించారండీ?" అని అడిగితే ఆవిడ విసుక్కోలేదు.

"లోపలికి రండి, చూద్దురుగాని."

కూతురు కూర్చున్న బల్ల దగ్గర్నుంచి వంటగది తిన్నగా కనిపిస్తుంది. నాన్న వంగడం, నూనె డబ్బా తిప్పి చదవడం, మూకుడు వాసన చూడడం కళ్ళార్పకుండా చూస్తోంది. నూనె పొద్దుతిరుగుడుది. టాకోల మూకుట్లో టాకోలు తప్ప ఇంకేమీ వేయరు. అట్లకాడ వేరు, పళ్ళాలు వేరు. ఆయన ముఖం విప్పారింది.

అక్కడితో తిరిగొస్తే ఆయన ఇందాకాయన ఎందుకవుతాడు? మూలనున్న గిన్నె మూత తీసి, గరిటెతో నల్లటి చిక్కటి పులుసు పైకెత్తాడు.

"ఇదేంటండీ?"

"మోలే. ఎండుమిరపకాయలు, నువ్వులు, వేరుశెనగలు, చాక్లెట్టు. మీ పాప దగ్గరికి ఇది రాదు లెండి."

వేరుశెనగ అనగానే గరిటె వదిలేసి, చేతులు జేబురుమాలుకి తుడుచుకున్నాడు. కానీ మనసు మాత్రం చాక్లెట్టు దగ్గరే ఆగిపోయింది. మిరపకాయల్లో చాక్లెట్టా! బల్ల దగ్గరికి వస్తూనే భార్యకి ఆ వింత చెప్పడం మొదలెట్టాడు. ఈలోగా టాకోలు వచ్చాయి. పిల్ల పళ్ళెం వేరుగా, వంటావిడే స్వయంగా తెచ్చింది. ఇందాకాయన అలవాటు ప్రకారం ఒక అంచు తుంచి, రుచి చూసి, తలూపి, ఇంకో ముక్క తుంచి కూతురి నోటి దగ్గర పెట్టాడు.

పిల్ల నోరు తెరవలేదు.

"నాన్నా, ఆ చేత్తో ఇందాక ఏం పట్టుకున్నావు?"

చేయి గాల్లోనే ఆగింది. ఆయన నెమ్మదిగా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాక్లెట్టు వాసన, దాని వెనకాల మిరపకాయ. ఆ వెనకాల ఏముందో వాసన చూడక్కర్లేదు. ఊళ్ళోవాళ్ళ మూకుళ్ళన్నీ అడిగినవాడు తన చేతిని అడగలేదు. భార్య సూదిమందు సంచి ఒళ్ళోకి లాక్కుని పిల్లని వెనక్కి జరిపింది. అంతకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. వంటావిడ పరుగున వచ్చి పళ్ళెం తీసేసింది, బల్ల తుడిచింది.

ఇందాకాయన చేతులు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు. భయం ఇంకా దిగలేదు. దానితో పాటే, సిగ్గుపడుతూనే, కూతుర్ని చూసి ఛాతీ పొంగింది. వెనక మాటలు వినిపిస్తున్నాయి.

"ఆంటీ, ఈ పళ్ళెంలో ఇందాక ఏం పెట్టారు?"

"ఏమీ పెట్టలేదమ్మా. ఇప్పుడే కడిగింది. టాకో కూడా కొత్తగా వేయించిందే."

"మీ చేతులు?"

"అవీ కడుక్కునే వచ్చా."

పళ్ళెం ముందుకి లాక్కున్న అలికిడి. తర్వాత కరుక్కుమని ఒక చప్పుడు, వెంటనే పిల్ల నవ్వు.

మొదటి ముక్క ఆయన పెట్టలేదు. మోచేతుల నిండా సబ్బు నురగతోనే కుళాయి కట్టేసి, రెండో చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.